ఎడిసన్ పెరట్లో రెండు క్లెమాటిస్ తీగలు: ప్రాజెక్టు డైరీ

సెప్టెంబర్, మొదటి ఏడాది

ప్రాజెక్టు ఏంటంటే, న్యూజెర్సీ ఎడిసన్‌లో మా ఇంటి పెరట్లో రెండు క్లెమాటిస్ తీగలు నాటి, బతికించి, పూయించాలి. ఒకటి డెక్ పక్కన ఎండలో, ఇంకోటి తూర్పు గోడకి. పెరట్లో బీర, దోస, గోంగూర ఎలాగూ ఉన్నాయి గానీ అవి మే నెలలో నాటితే అక్టోబర్ ఆఖర్లో మొదటి గడ్డమంచు పడిన రాత్రికే నల్లబడి వేలాడిపోతాయి, ఆ తర్వాత ఆరు నెలలు ఖాళీ పందిరి చూస్తూ కూర్చోవడమే. మల్లె, కరివేపాకు కుండీలు చలికాలమంతా కిటికీ దగ్గర పెట్టి కాపలా కాస్తున్నాం, ఇంట్లోకి మోయాల్సిన మొక్క ఇంకోటి తెస్తే ఊరుకోనని మా ఆయన ముందే చెప్పేశారు. సో బయటే ఉండాలి, మైనస్ 15 సెల్సియస్ వచ్చినా చావకూడదు, ప్రతి ఏడూ తనంతట తనే లేవాలి, పూలు దూరం నుంచి కనపడాలి. విస్టీరియా గురించి ఆలోచించా గానీ అది లావెక్కితే డెక్ కర్రల్ని కూడా వంచేస్తుందట, వద్దనుకున్నా.

అసలు ఈ పిచ్చి పట్టింది పక్కింటి పెద్దావిడ వల్ల. వాళ్ల వాకిట్లో లైటు స్తంభానికి జూన్ అంతా ముదురు ఊదారంగు పూలు, ఆకు కనపడనంత. అది జాక్‌మనీ అని ఆవిడే చెప్పింది. ఇంగ్లండ్‌లో వోకింగ్ అనే ఊళ్లో జాక్‌మన్ వాళ్ల నర్సరీలో 1858లో సంకరం చేస్తే 1862లో మొదటిసారి పూసిన రకం ఇది. నూట అరవై ఏళ్లు దాటినా ఇంకా ప్రతి నర్సరీలో దొరుకుతుందంటే కొత్తగా మొదలెట్టేవాళ్లకి ఇంతకంటే సేఫ్ రకం ఉండదని నా లెక్క. రెండోది నెల్లీ మోజర్, లేత గులాబీ రంగు, ప్రతి రెక్క మధ్యలో ముదురు చార, 1897లో ఫ్రాన్స్‌లో వెర్సాయ్ దగ్గర మోజర్ అనే నర్సరీ ఆయన తెచ్చింది. ఇది ఎండలో ఉంటే చార కనపడకుండా వెలిసిపోతుంది కాబట్టి తూర్పు గోడ, అంటే పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నుంచి నీడ.

కొనేటప్పుడు పూలున్న పొడుగు మొక్క జోలికి వెళ్లలేదు. ఫాల్ సేల్‌లో మిగిలిపోయిన మొక్కల్లో, కుండీ అడుగు చిల్లుల్లోంచి తెల్లటి వేర్లు కనపడుతూ, మొదట్లో ఒకటి కాకుండా రెండు మూడు కాడలు ఉన్నవి వెతికా. ఆకులు అప్పటికే సగం ఎండి ఉన్నాయి, మా ఆయన చూసి చచ్చిన మొక్కని డబ్బులిచ్చి కొంటున్నావా అన్నారు.

ఇంతవరకు చదివింది, ఆవిడని అడిగి తెలుసుకున్నది కలిపితే నాకు అర్థమైంది ఒకటే, ఈ తీగకి పైన మనం చేసేది తక్కువ, నేల మీద ఒక అడుగు, నేల లోపల ఒక అడుగు, గొడవంతా అక్కడే. కాడ అగ్గిపుల్లంత సన్నగా ఉండేదీ, కుందేలు కొరికేదీ, తెగులు పట్టేదీ, వేరు వేడెక్కిపోయేదీ అంతా ఆ రెండడుగుల్లోనే. అందుకని ట్రెల్లిస్, అంటే తీగ పాకించే చట్రం, చవకది తీసుకుని డబ్బులు మట్టి మీద పెడుతున్నా.

సెప్టెంబర్ ఆఖరు

మట్టి శాంపిల్ రట్‌గర్స్ యూనివర్సిటీ సాయిల్ టెస్టింగ్ ల్యాబ్‌కి పంపించా, రిపోర్ట్ వచ్చింది. పీహెచ్ (మట్టి పులుపు కొలత) 6కి కొంచెం కిందుంది, సున్నపురాయి పొడి కలపమన్నారు. క్లెమాటిస్‌కి సున్నం నేలే కావాలని చాలామంది గట్టిగా చెప్తారు, ఇంగ్లండ్ సుద్దనేలల్లో అడవి క్లెమాటిస్ కంచెల మీద విరగబూసే మాట నిజమే గానీ తోట రకాలు 6 నుంచి 7.5 దాకా ఎక్కడున్నా సర్దుకుంటాయి, దానికోసం మరీ హైరానా పడక్కర్లేదు. రిపోర్ట్‌లో రాసినంత మాత్రం చల్లా.

అసలు ఇబ్బంది పీహెచ్ కాదు, మట్టి. మా మిడిల్‌సెక్స్ కౌంటీ మట్టి ఎలాంటిదంటే పక్కనే సేర్‌విల్‌లో 1850 నుంచి అక్కడి జిగురుమట్టితో ఇటుకలు కాల్చి అమ్మారు, సేర్ అండ్ ఫిషర్ అని పెద్ద కంపెనీ. ఎర్రటి జిగురుమట్టి, మధ్యలో రాతిపలుకులు, వానొస్తే కాళ్లకి అంటుకుంటుంది, ఎండితే పలుగు దిగదు. ఇందులో ఇసుక కలపమని ఎవరైనా చెప్తే వినకండి, జిగురుమట్టిలో కాస్త ఇసుక కలిస్తే ఇంకా గట్టిపడుతుంది. చివికిన కంపోస్టే మందు.

అక్టోబర్ మొదటి వారం

తవ్వే ముందు 811కి ఫోన్ చేశాం. ఇక్కడ పెరట్లో గుంత తవ్వాలన్నా కనీసం మూడు పని దినాలు ముందు చెప్పాలి, ఫ్రీ సర్వీసే, వాళ్లొచ్చి నేల కింద ఏ లైను ఎటుపోతుందో రంగులేసి వెళ్తారు, పసుపు గ్యాస్, ఎరుపు కరెంట్, నీలం నీళ్లు, నారింజ రంగు కేబుల్. తూర్పు గోడ వెంట పసుపు గీత చూసి మా ఆయన మొహం మారిపోయింది, ఒక పూలతీగ కోసం వీధి వీధంతా లేపేసేదానివే అని. గీతకి బాగా దూరంగా జరిపాం. ఒకరకంగా మంచిదే అయింది, ఎందుకంటే గోడకి ఆనించి నాటితే చూరు అడ్డంతో వాన చుక్క పడదు, కనీసం అడుగు, అడుగున్నర దూరంలో నాటి తీగని గోడవైపు వాలుగా పాకించాలి.

గుంత ఒకటిన్నర అడుగు లోతు, అంతకంటే ఎక్కువ వెడల్పు. తవ్వాక నీళ్లు నింపి చూశాం. డెక్ దగ్గర గంటకి ఇంచు చొప్పున దిగింది, పర్వాలేదు. గోడ దగ్గర పొద్దున పోసిన నీళ్లు సాయంత్రానికీ అలాగే నిలబడి ఉన్నాయి. క్లెమాటిస్‌కి నీళ్లు బాగా కావాలి గానీ వేర్లు నీళ్లలో నానితే కుళ్లిపోతాయి. అందుకని అక్కడ ఇంకా లోతు తవ్వడం మానేసి అడ్డంగా వెడల్పు చేసి, కంపోస్టు కలిపిన మట్టితో చుట్టూ నేల కంటే నాలుగైదు ఇంచులు ఎత్తుగా దిబ్బ కట్టి అందులో నాటాం.

ఇక లోతు. టమాటా తప్పిస్తే ఏ మొక్కనైనా కుండీలో మట్టి ఎంతవరకు ఉందో అంతవరకే పాతాలని కదా మనకి అలవాటు, ఈ పెద్దపూల క్లెమాటిస్‌ని అలా కాదు, రెండు మూడు ఇంచులు కిందకి దింపి, కాడ మొదట్లో ఒకటి రెండు కణుపులు మట్టిలో ఉండేలా పాతాలి. పైన ఏం జరిగినా మట్టిలో దాగిన కణుపు నుంచి మళ్లీ చిగురొస్తుంది. ఇది మాత్రం టేపు పెట్టి కొలిచి మరీ చేశా. కుండీలోంచి తీసేటప్పుడు కాడని పట్టుకుని లాగకూడదు, తీగ పెళుసు, వేరుముద్ద కింద చెయ్యి పెట్టి వెదురుపుల్లతో సహా దింపాలి.

పైన రెండు మూడు ఇంచుల మల్చ్ (నేల మీద పరిచే పొర), కాడకి ఆనకుండా చుట్టూ నాలుగు ఇంచులు వదిలి. వేర్ల మీద నీడ కోసం రాళ్లు పేర్చేవాళ్లు ఉన్నారు, మా దగ్గర రాళ్లు పెడితే వాటి కింద నత్తలు కాపురం పెడతాయి, వద్దు.

చలికాలం

రాయడానికేం లేదు. ఆకులు ఎండిపోయి గోధుమరంగు పుల్లలు మిగిలాయి. చూసిన ప్రతివాళ్లూ పోయిందా అని అడుగుతున్నారు.

మార్చి మొదట్లో

పుల్ల మీద గోటితో గీరితే లోపల పచ్చగా ఉంది. ప్రతి కణుపు దగ్గర రెండువైపులా జంట మొగ్గలు ఉబ్బుతున్నాయి.

ప్రూనింగ్ (కత్తిరింపు) అంటే అందరూ భయపడేది గ్రూపుల గురించే, ఏ కాడ మీద ఎప్పుడు పూస్తుందో దాన్నిబట్టి క్లెమాటిస్‌ని మూడు గ్రూపులు చేస్తారు. ఒకటో గ్రూపు పాత కాడ మీద వసంతం మొదట్లోనే పూస్తుంది, మోంటానా లాంటివి, అది మన హిమాలయాల తీగే, ఇండియా గవర్నర్ జనరల్‌గా చేసిన ఆమ్‌హర్స్ట్ భార్య లేడీ ఆమ్‌హర్స్ట్ ద్వారా 1831లో ఇంగ్లండ్ చేరింది. దీన్ని పూలయ్యాకే ముట్టుకోవాలి. రెండో గ్రూపు నిరుటి కాడ మీద మే, జూన్‌లలో పెద్ద పూలు పూసి, కొత్త కాడ మీద మళ్లీ ఆగస్టు, సెప్టెంబర్‌లలో కొన్ని పూస్తుంది, మా నెల్లీ మోజర్ ఇదే. మూడో గ్రూపు పూర్తిగా కొత్త కాడ మీదే, జాక్‌మనీ అది, ఏటా మార్చిలో అడుగు ఎత్తు ఉంచి మొత్తం కొట్టెయ్యాలి. కొన్నప్పుడు ట్యాగ్ దాచుకోండి, దాని మీద ఈ నంబర్ ఉంటుంది, అది పోతే ఒక ఏడాది పూలు ఎప్పుడొస్తాయో చూసి కనిపెట్టడం తప్ప దారి లేదు.

ఐతే మొదటి వసంతంలో గ్రూపుతో పని లేదు, రెండిటినీ అడుగు ఎత్తులో, బలమైన జంట మొగ్గలకి కాస్త పైన కత్తిరించేశా. నెల్లీ మోజర్‌కి దీనివల్ల ఈ మే నెల పూలు పోతాయి, తెలిసే చేశా. ఇప్పుడు కత్తిరించకపోతే ఒకటే కాడ నిటారుగా పోయి పైన ఎక్కడో గుత్తిగా పూసి కింద బోడిగా ఉంటుంది, కత్తిరిస్తే కింది నుంచే నాలుగైదు కాడలు లేస్తాయి. కట్టర్‌కి ముందు స్పిరిట్ రాశా. గ్లవ్స్ వేసుకోండి, దీని రసం కొందరికి చర్మం మీద మంట పెడుతుంది.

ఏప్రిల్

చిగురు మొదలయ్యాక రోజూ తేడా కనపడుతోంది. ఈ తీగ ఎలా ఎక్కుతుందో దగ్గరగా చూడటం నాకు భలే ఇష్టంగా ఉంది. బీరపాదుకి నులితీగలు ఉంటాయి కదా, దీనికి అవేం లేవు, ఆకు కాడే వెళ్లి మెలి వేసుకుంటుంది. ఆకు కాడ ఎంతుంటుంది, అందుకే అరంగుళం కంటే లావున్న కర్రని అది చుట్టుకోలేదు. షాపుల్లో అందంగా కనపడే లావు కర్రల ట్రెల్లిస్ కొని తీగ ఎక్కట్లేదని బాధపడేవాళ్లని చూశా. మాదీ లావు కర్రలదే, దానిమీద నిరుడు బీరపాదుకి కట్టిన నైలాన్ వల పరిచి బిగించాం, వారం తిరగకముందే పట్టేసుకుంది. మొదటి అడుగున్నర మాత్రం పురికొసతో వదులుగా ఎనిమిది ఆకారంలో ముడేసి చెయ్యి పట్టి నడిపించాల్సిందే.

కుందేళ్లు వచ్చాయి. ఇక్కడి కుందేలు కత్తెరతో కోసినట్టు ఏటవాలుగా కొరికి, తినకుండా అక్కడే పడేసి పోతుంది, అదీ ఒళ్లు మండే విషయం. కోళ్ల మెష్ తెచ్చి ఒక్కో మొక్క చుట్టూ రెండడుగుల ఎత్తు గుండ్రంగా చుట్టి, అడుగు భాగం మట్టిలో కాస్త పాతి, మేకులతో బిగించా. నత్తలకి ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు. రాత్రి టార్చిలైటు వేసుకుని వెళ్తే చేత్తో ఏరెయ్యొచ్చు కూడా, మా అమ్మాయికి ఆ పని అప్పజెప్పా, నత్తకి పది సెంట్లు అడిగింది.

ఎరువు టమాటాలకి వేసేదే, నత్రజని తక్కువ, భాస్వరం పొటాష్ ఎక్కువ ఉన్నది, మొగ్గ ఉబ్బినప్పుడు ఒకసారి. నత్రజని ఎక్కువైతే ఆకే ఆకు. పూమొగ్గ కనపడ్డాక ఎరువు ఆపి, పూలయ్యాక మళ్లీ.

జూన్

జాక్‌మనీ నడుమెత్తు దాటి మొగ్గ వేస్తున్న సమయంలో మా ఆయన డెక్ చుట్టూ గడ్డి ట్రిమ్మర్ పట్టుకుని దిగారు. మెష్ ఒక పక్క ఒరిగి ఉంది, ఆ సందులోంచి నైలాన్ తాడు తగిలి కాడలు మొదట్లోనే కట్. తీగ మాత్రం వలని పట్టుకుని పచ్చగా నిలబడే ఉంది, సాయంత్రానికి వాడింది, అప్పుడు తెలిసింది. ఆయన రెండ్రోజులు నాకంటే ఎక్కువ బాధపడ్డారు, ఆన్‌లైన్‌లో ఇంకో మొక్క ఆర్డర్ పెడతానన్నారు, వద్దన్నా. తెగింది నేల పైన కదా. నీళ్లు ఆపకుండా వారానికి ఒక ఇంచు వాన పడ్డంత తడి ఉండేలా చూశాం అంతే.

జూలై మొదట్లో మట్టిలోంచి ఎర్రటి చిగుళ్లు, ముందున్న కాడల కంటే ఎక్కువే, కాస్త లావుగా కూడా. గడ్డి ఇంకెప్పుడూ అటువైపు రాకుండా చుట్టూ ఇటుకలు పేర్చారు, సేర్‌విల్ ఇటుకలు కావు, హోమ్ డిపో షాపులోవి.

ఆగస్టు, సెప్టెంబర్

జాక్‌మనీ ఆలస్యంగానైనా కాసిని పూసింది. నెల్లీ మోజర్ రెండో దఫా పూలు చిన్నగా, చార పలచగా వచ్చాయి. మనం రెక్కలు అనుకునేవి నిజానికి రెక్కలు కావు, రక్షక పత్రాలే రంగు తేలి అలా కనపడతాయి, క్లెమాటిస్‌కి ఆకర్షక పత్రాలు లేవు. అందుకేనేమో పువ్వు అన్నాళ్లు నిలబడుతుంది, ఇది నా ఊహ. పూలు రాలాక మిగిలే ఈకల బంతుల్లాంటి విత్తన గుత్తులు కత్తిరించకుండా ఉంచేశా, చలికాలం చూడ్డానికి ఏదో ఒకటి ఉండాలిగా.

మార్చి, రెండో ఏడాది

ఈసారి గ్రూపు ప్రకారం. జాక్‌మనీని అడుగు దగ్గర నిర్దాక్షిణ్యంగా కొట్టేశా, చుట్టుకున్న ఎండు తీగంతా లాగేశాం. నెల్లీ మోజర్‌ని మాత్రం పై నుంచి కిందికి చూసుకుంటూ వచ్చి, ఎండు కొసలు తీసేసి, మొదటి బలమైన జంట మొగ్గ కనపడ్డ చోట ఆపేశా. దీనికి ఒక సాయంత్రమంతా పట్టింది, జాక్‌మనీకి పది నిమిషాలు కూడా పట్టలేదు. చేతిలో టైమ్ లేనివాళ్లు మూడో గ్రూపే పెట్టుకోండి.

మే

అమ్మ వచ్చింది కడియం నుంచి, ఆరు నెలలుంటుంది. నర్సరీల ఊళ్లో పుట్టి పెరిగిన మనిషి, ఎయిర్‌పోర్ట్ నుంచి వచ్చి కాఫీ తాగి నేరుగా పెరట్లోకే. నెల్లీ మోజర్ నిండా మొగ్గలు, మరో వారంలో విచ్చేలా ఉన్నాయి.

రెండో వారంలో పొద్దున లేచి చూసేసరికి ఒక పెద్ద కాడ, మొగ్గలతో సహా, మొత్తం తల వేలాడేసింది. ముందురోజు సాయంత్రం బానే ఉంది. అమ్మ చూసి "నీళ్లు చాల్లేదే అమ్మాయ్, ఓ రెండు బకెట్లు పొయ్యి" అంది. "మట్టి తడిగానే ఉందమ్మా, వేలు పెట్టి చూడు" అన్నా. నీళ్లు చాలకపోతే మొక్క మొత్తం వాడుతుంది, నీళ్లు పోస్తే తేరుకుంటుంది, ఇది ఒక్క కాడే, పక్క కాడలు నిక్షేపంగా ఉన్నాయి. ఆకు కాడలు, నరాలు నల్లబడ్డాయి, కాడ మొదట్లో ఒక కణుపు దగ్గర నల్లటి మచ్చ. క్లెమాటిస్ విల్ట్. కాలోఫోమా క్లెమాటిడినా అనే బూజు చేసే పని, పాత పుస్తకాల్లో ఫోమా అని ఉంటుంది. కాడ లోపలికి దూరి నీళ్లు పైకెక్కకుండా చేస్తుంది. పెద్దపూల సంకరాలకి, అందులోనూ రెండో గ్రూపుకి ఎక్కువ వస్తుంది, విటిసెల్లా అనే చిన్నపూల రకాలకి దాదాపు రాదు. ఐతే వాలిన ప్రతి కాడా విల్ట్ కాదు, చాలాసార్లు గాలికి కాడ నలిగి ఉంటుంది, లేదా నత్త గీరేసి ఉంటుంది, ముందు కింద వంగి కూర్చుని కాడ చూడాలి. మాది చూశాం, నలగలేదు, గీరలేదు.

చేసేది ఒకటే, నల్లబడ్డ చోటు దాటి కింద మంచి కాడ కనపడేవరకు, అవసరమైతే నేలమట్టానికి కోసెయ్యాలి. మొగ్గలున్న కాడని కొయ్యడానికి చెయ్యి రాలేదు, అమ్మే కట్టర్ తీసుకుని కోసేసింది, పురుగుపట్టిన బెండకాయ కోసినంత తేలిగ్గా. ముక్కలు, కింద రాలిన ఆకులు అన్నీ కవర్లో కట్టి చెత్తబుట్టకే, కంపోస్టులో వెయ్యకూడదు. కట్టర్‌కి మళ్లీ స్పిరిట్. పై నుంచి నీళ్లు చల్లడం మానేసి మొదట్లో నెమ్మదిగా పొయ్యడం, కింది ఆకులు కొన్ని తుంచి గాలి ఆడేలా చెయ్యడం, ఇంతే. మందులు కొట్టలేదు, ఇంట్లో వాడుకునే మందుల్లో దీన్ని ఖాయంగా నయం చేసేది లేదు.

మిగిలిన కాడలు పూశాయి. ఒక్కో పువ్వు నా అరచెయ్యంత. పొద్దుటి ఎండలో ఆ చార చూడాలి.

జూన్

జాక్‌మనీ సంగతి ఏం చెప్పను, నేల నుంచి లెక్కేస్తే మా డెక్ రెయిలింగ్ దాటి పైకి పోయింది, ఒక్క మార్చి నుంచి జూన్‌కే. పక్కింటి పెద్దావిడ కంచె దగ్గరకొచ్చి చూసి తన లైటు స్తంభం తీగ పక్కన ఇదే బాగుందని ఒప్పుకుంది, ఎప్పుడూ ఎవర్నీ మెచ్చుకోని మనిషి.

అమ్మ రోజూ దేవుడికి కోస్తానంటుంది. కొయ్యొచ్చు, నీళ్లలో పెడితే చాలా రోజులు ఉంటాయి, ఇత్తడి ఉరుళిలో తేలేసింది, ఊదా పూలు, మధ్యలో దీపం, ఫొటో చుట్టాలందరికీ వెళ్లింది. ఐతే పసివాళ్ల నోట్లోకి, కుక్క నోట్లోకి పోకుండా చూసుకోవాలి, ఆకు, కాడ, పువ్వు అన్నిట్లో ఘాటైన విషపదార్థం ఉంది. తలలో పెట్టుకుంటానంటే వద్దన్నా.

రెండు తీగల మొదట్లోనూ అమ్మ బంతినారు పెట్టింది. నాకు నీడ కావాలి, ఆవిడకి దసరాకి పూలు కావాలి, బంతి వేర్లు పైపైనే ఉంటాయి కాబట్టి తీగతో తగువు లేదు. నేను ఖరీదైన హ్యూకెరా మొక్కలు చూసి పెట్టుకున్నా, ఆ డబ్బులు మిగిలాయి.

జూలై

నేలమట్టానికి కోసిన నెల్లీ మోజర్ కాడ చోట మట్టిలోంచి రెండు కొత్త కాడలు. ఆ లోతు చేసిన పనే ఇది, పై కణుపులన్నీ పోయినా కింద పాతిపెట్టినవి ఉన్నాయి కాబట్టి. జాక్‌మనీ రెక్కలకి రాత్రిపూట గుండ్రటి చిల్లులు పడుతున్నాయి, ఇయర్‌విగ్ పురుగులు. తడి న్యూస్‌పేపర్ చుట్టలు మొదట్లో పెడితే తెల్లారేసరికి అందులో దూరి ఉంటాయి, సబ్బునీళ్లలో దులిపెయ్యడమే.

ఆగస్టు

అమ్మకి ఒకటే ఆశ, ఒక మొక్క కడియం పట్టుకెళ్లాలని. మొక్క తీసుకెళ్లాలంటే ఇండియాలో ఇంపోర్ట్ పర్మిట్, ఇక్కడ మొక్కకి తెగులు, పురుగు లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ కావాలి, సూట్‌కేసులో చీరల మధ్య పెట్టుకెళ్లే వ్యవహారం కాదు. అవన్నీ తెచ్చినా ఈ రకాలకి చలికాలం నిద్ర కావాలి, గోదావరి జిల్లా ఎండకి, ఉక్కకి ఇవి నిలబడవు. "అక్కడ రాధామనోహరం ఉంది కదమ్మా, దానికి మించిన తీగ ఏది" అంటే "అది అందరింట్లో ఉందే" అంది. దానికి నా దగ్గర సమాధానం లేదు.

ఆశ తీరకపోయినా చెయ్యి ఊరుకోదుగా, జాక్‌మనీకి నేల అంటు కట్టింది, ఊళ్లో మల్లెకి కట్టినట్టే. పొడుగ్గా పెరిగిన ఒక కాడని విరగకుండా నెమ్మదిగా కిందికి వంచి, కణుపు దగ్గర కింది వైపు చిన్న గాటు పెట్టి, ఆ కణుపుని కంపోస్టు నింపిన కుండీలో రెండు ఇంచుల లోతున పాతి, వంచిన ఇనపతీగతో కదలకుండా గుచ్చి, కొసని పుల్లకి కట్టింది. వేర్లు రావడానికి ఏడాది దాకా పట్టొచ్చు. ఇలా అంటు కట్టేముందు ఒకటి చూసుకోండి, కొత్త రకాలకి అమెరికాలో ప్లాంట్ పేటెంట్ ఉంటుంది, ఇరవై ఏళ్ల పాటు పర్మిషన్ లేకుండా పిలకలు తియ్యకూడదు, ట్యాగ్ మీద రాసి ఉంటుంది. జాక్‌మనీకి ఆ బాధ లేదు.

సెప్టెంబర్

డెలావేర్ అండ్ రారిటన్ కెనాల్ పక్కన నడకకి వెళ్తే పొదల మీద తెల్లటి చిన్న పూలు విరగబూసి, సువాసన. అమ్మ ఆగిపోయింది, ఇదీ నీ తీగ జాతే కదా, ఓ కొమ్మ తెచ్చుకుందాం అంది. క్లెమాటిస్సే, కాకపోతే అలా కనపడేవి ఇక్కడ రెండున్నాయి. ఆకు అంచు రంపం పళ్లలా ఉండి మూడేసి ఆకులుంటే వర్జీనియానా, ఈ నేల తీగే, అంచు నున్నగా ఉండి ఐదేసి ఆకులుంటే జపాన్ వైపు నుంచి వచ్చిన టెర్నిఫ్లోరా, అది చెట్లని కప్పేసి చంపుతుంది. చూశాం, నున్నగా ఉంది. తేలేదు. పార్కులో కొమ్మ విరవడం కూడా తప్పే అనుకోండి.

అక్టోబర్

బంతిపూలు దసరాకి అందాయి. అమ్మ వచ్చేవారం వెళ్తోంది. అంటు కుండీని గడ్డకట్టే చలికి వేర్లు చావకుండా తల్లి మొక్క పక్కనే అంచు దాకా నేలలో పాతి, చుట్టూ ఎండాకులు నింపాం. పైన కాడ ఇంకా తల్లి తీగకే ఉంది. ఏప్రిల్‌లో కుండీ వైపు కొత్త చిగురొచ్చి, లాగితే కదలకుండా ఉంటే అప్పుడు కోసి వేరు చెయ్యడం, రాకపోతే ఇంకో ఆరు నెలలు ఆగడం. మార్చిలో జాక్‌మనీని అడుగు దగ్గర కొట్టేసేటప్పుడు ఆ ఒక్క కాడని వదిలెయ్యాలి, ఆ పని ఈసారి మా ఆయన చేస్తానంటున్నారు కాబట్టి అమ్మ దానికి మూడు చోట్ల ఎర్ర రిబ్బన్ కట్టింది.